1920 నాటి హిజ్రత్: దారిబత్తెం, జీవనోపాధి

1920వ సంవత్సరం మే నెల మొదలు ఆగస్టు వరకు పెషావరు నగరం ఒక పెద్ద సరాయిగా మారిపోయింది. చుట్టుపక్కల గ్రామాల నుండి, పంజాబు నుండి, సుదూర సింధు నుండి కుటుంబాలకు కుటుంబాలే తరలివచ్చి అక్కడ దిగేవి. మూటలు, వంటపాత్రలు, పరుపుచుట్టలు, చంటిబిడ్డలు, నడవలేని వృద్ధులు – ఇదీ వారి పరివారం. రెండు మూడు రోజులు విశ్రమించి, హిజ్రత్ కమిటీ వారు కూర్చిన బిడారులో చేరి, ఖైబరు కనుమ దాటి అఫ్ఘానిస్తానంలో ప్రవేశించడం వారి సంకల్పం. వారిని ప్రజలు గౌరవంతో ‘ముహాజిర్లు’ అని పిలిచారు. ఆ వేసవిలో సరిహద్దు దాటిన వారి సంఖ్యను కొందరు చరిత్రకారులు ముప్ఫై వేలకు పైగా అనీ, మరికొందరు అరవై వేల దాకా అనీ అంచనా వేశారు. వారిలో నూటికి డెబ్బై అయిదు మంది వరకు కొద్ది నెలలలోనే చేతిలో చిల్లిగవ్వ లేకుండా తిరిగి వచ్చారు.

ఈ ఉద్యమాన్ని గురించి వ్రాసిన వారిలో అధికులు రాజకీయ కోణం నుండే చూశారు. ఖిలాఫత్ ఉద్యమంలో ఇదొక ఉపకథ అని కొందరు, మతావేశపు ఫలితమని బ్రిటిషు అధికారులు, సామ్రాజ్యవాదంపై తిరుగుబాటని మరికొందరు అన్నారు. ప్రతిదానిలోనూ కొంత నిజం లేకపోలేదు. అయితే ఆ ముహాజిర్లలో అత్యధికులు చిన్న రైతులు, కౌలుదార్లు, కూలీలు, చిరుద్యోగులు అన్న సంగతిని ముందుంచుకొని చూస్తే మరొక ప్రశ్న ఎదురవుతుంది. కొద్దిపాటి సొమ్ముతో పరదేశానికి బయలుదేరిన ఈ జనం అక్కడ ఏమి తిని బ్రతకాలని, ఎవరు లెక్క వేశారు?

నేపథ్యం పాఠకులకు తెలిసినదే. మొదటి ప్రపంచ యుద్ధంలో ఉస్మానీ సామ్రాజ్యం ఓడిపోయింది. ఖిలాఫత్‌కూ పవిత్ర స్థలాలకూ భంగం కలగనివ్వబోమని యుద్ధకాలంలో చేసిన వాగ్దానాలను బ్రిటిషు ప్రభుత్వం నిలుపుకోలేదని భారత ముస్లిములు తీవ్రంగా నొచ్చుకున్నారు. 1920 మేలో సంధి షరతులు వెల్లడి కావడంతో ఆ బాధ ఆగ్రహంగా మారింది. భారతదేశం దారుల్ హర్బ్ అయినదా, అయితే ఇక్కడ నివసించవచ్చునా అన్న చర్చ మసీదుల్లోనూ పత్రికల్లోనూ సాగింది. ఫిరంగీ మహల్‌కు చెందిన మౌలానా అబ్దుల్ బారీ హిజ్రత్ చేయదలచిన వారు చేయవచ్చునన్నారే గాని, అందరికీ విధి అని చెప్పలేదు. మౌలానా అబుల్ కలాం ఆజాద్ ఫత్వా జూలై చివర అమృత్‌సర్‌లోని ‘అహ్లె హదీస్’ పత్రికలో వెలువడింది. అది హిజ్రత్‌ను గట్టిగానే సమర్థించినా, ఎవరికి తోచినట్లు వారు కాక ఒక కట్టుబాటులో సాగాలని కూడా కోరింది. ఫత్వాలలోని ఈ షరతులు, మినహాయింపులు గ్రామాలకు చేరేసరికి జారిపోయాయి. మిగిలినది ఒక్కటే మాట: వెళ్ళనివాని ఈమాను శంకించదగినది.

ఆహ్వానం వచ్చిన తీరు చూడండి. 1919 ఫిబ్రవరిలో తండ్రి హత్యానంతరం గద్దె నెక్కిన అమీర్ అమానుల్లా ఖాన్, అదే సంవత్సరం మేలో బ్రిటిషు వారితో యుద్ధానికి దిగి, ఆగస్టు 8న రావల్పిండిలో సంధి చేసుకున్నాడు. విదేశ వ్యవహారాలలో స్వాతంత్ర్యం దక్కింది. కాని 1893 నుండి సాలీనా 18 లక్షల రూపాయలుగా కాబూలుకు అందుతూ వచ్చిన బ్రిటిషు భరణం ఆ సంధితో ఆగిపోయింది. తరువాతి సంవత్సరం ఫిబ్రవరిలో, తండ్రి వర్ధంతి సందర్భంగా, భారతదేశం నుండి హిజ్రత్ చేసి వచ్చేవారికి తన రాజ్యం స్వాగతం పలుకుతుందని అమీరు ప్రకటించాడు. ఏప్రిల్ నుండి జూలై వరకు ఆయన మంత్రి మహమూద్ తర్జీ ముస్సోరీలో బ్రిటిషు ప్రతినిధులతో చర్చలు జరుపుతూనే ఉన్నాడు. భారత ముస్లిములు తమ వెంట ఉన్నారని చూపుకోవడం ఆ చర్చలలో కాబూలుకు ఎంత ఉపకరిస్తుందో వేరే చెప్పనక్కరలేదు. అమీరు మాటలో చిత్తశుద్ధి లేదనడం అన్యాయం. కాని ఖజానాకు వచ్చే పెద్ద రాబడి తెగిపోయిన మరుసటి ఏడాదే, ఎందరు వస్తారో తెలియని అతిథులను పిలిచాడన్నది వాస్తవం.

ముహాజిర్ల కోసం కాబూలు ప్రభుత్వం చేసిన నిబంధనలు చదివితే అవి ఉదారమైనవే అనిపిస్తుంది. అవివాహితునికి ఆరు జరీబులు, భార్యాభర్తలకు ఎనిమిది జరీబులు సాగుభూమి. పంట చేతికి వచ్చేదాకా తిండికి పిండి, ఖర్చులకు కొంత సొమ్ము. విత్తనాలకు గోధుమలు, జరీబుకు ఇంత చొప్పున తక్కావీ అప్పు. మూడేళ్ళపాటు శిస్తు లేదు. ప్రతిగా వారు అఫ్ఘాను ప్రజలుగా ఉండాలి, అనుమతి లేకుండా రాజకీయాలలో తలదూర్చరాదు.

జరీబు అంటే దాదాపు అర ఎకరం. కుటుంబానికి ఎనిమిది జరీబుల చొప్పున పది వేల కుటుంబాలకు ఇవ్వాలంటే 80 వేల జరీబులు, అంటే ఇంచుమించు 40 వేల ఎకరాల సాగుభూమి కావాలి. కాలువ నీరు పారే లోయలలోనే పంట పండే దేశంలో, ఆ లోయలన్నీ అప్పటికే ఎవరో ఒకరి చేతిలో ఉన్న దేశంలో, ఈ భూమి ఎక్కడిది? హిందూకుష్ పర్వతాలకు ఆవల ఉత్తర ప్రాంతాలలో ముహాజిర్లను స్థిరపరచాలని ప్రభుత్వం తలపోసింది. పెషావరు మైదానపు రైతుకు అది రెండవ హిజ్రత్ వంటిది. భాష వేరు, చలి వేరు, పంట వేరు. పైగా వేసవి నడిమధ్య వచ్చినవాడు రబీ విత్తనం వేసి గోధుమ కోయాలంటే మరుసటి సంవత్సరం దాకా ఆగాలి. అంతవరకు వేలాది కుటుంబాలను పోషించే ధాన్యం కాబూలు గిడ్డంగులలో లేదు.

ఇక బయలుదేరినవారి పక్షాన లెక్క ఎలా ఉందో చూద్దాం. ఒక గ్రామంలో ఒక్క రైతు భూమి అమ్ముకుంటే తగిన ధర వస్తుంది. ఊరిలో సగం మంది ఒకే వారంలో అమ్మకానికి పెడితే కొనేవాడు చెప్పిందే ధర. పది వేల రూపాయల భూమి నూరు రూపాయలకు, రెండు వందల ఎద్దు నలభైకి పోయిందని ఆనాటి కథనాలు చెబుతున్నాయి. అన్నిచోట్లా ఇంత ఘోరం జరిగి ఉండకపోవచ్చు గాని, అమ్మినవారు దగా పడ్డారన్న విషయంలో భిన్నాభిప్రాయం లేదు. అలా చేతికి వచ్చిన కాసింత సొమ్ము అఫ్ఘానిస్తానంలో అడుగు పెట్టకముందే కరగడం మొదలైంది. బండి కిరాయి, ఒంటె కిరాయి, బిడ్డలకు పాలు, రోగికి మందు. కానిస్టేబుళ్ళు, బడిపంతుళ్ళు, పట్వారీలు రాజీనామాలిచ్చి వచ్చారు. వారికి నాగలి పట్టడం చేతకాదు, కాబూలులో అంతమందికి కలం పని లేదు.

జూలైలో ఉద్యమం ఉధృతమైంది. లార్కానా బారిస్టరు జాన్ ముహమ్మద్ జునేజో నాయకత్వాన సుమారు 750 మంది సింధీ ముహాజిర్లు ప్రత్యేక రైలులో బయలుదేరారు. దారిపొడుగునా స్టేషన్లలో జనం వారికి భోజనాలు పెట్టి, దువాలు చేసి సాగనంపారు. జూలై 8న పెషావరు సమీపాన కచ్చాగఢీ వద్ద రైలులో సైనికులతో ఘర్షణ జరిగి హబీబుల్లా ఖాన్ అనే ముహాజిర్ మరణించాడు. ఈ వార్తతో అంతవరకు తటపటాయించినవారు కూడా కదిలారు. సరిహద్దు రాష్ట్రంలో (నేటి పాకిస్తాన్‌లోని ఖైబర్ పఖ్తూన్‌ఖ్వా) కొన్ని గ్రామాలు ఖాళీ అయ్యాయి. సాగనంపేవారు పూలమాలలు వేశారు, జెండాలు పట్టారు, కన్నీరు కార్చారు. చేతిలో ఎన్ని రోజుల తిండి ఉన్నదని అడిగినవారు తక్కువ. అడిగినవారిని పిరికివారన్నారు.

ఆ రోజులలో ప్రసంగాలన్నీ మదీనా హిజ్రత్ ప్రస్తావనతోనే సాగేవి. కనుక ఆ మొదటి ముహాజిర్లు ఎలా జీవించారో కొంత వివరంగా పరిశీలించడం అవసరం. వారూ ఆస్తులు వదలి వచ్చినవారే. హజ్రత్ సుహైబ్ రూమీ (రజి) తాను కూడబెట్టినదంతా మక్కా వారికి విడిచి ప్రాణాలతో బయటపడ్డారు. అంతకు ముందు క్రీ.శ. 615లో హబషా వెళ్ళిన చిన్న బృందం ఓడకు అర దీనారు కిరాయి చెల్లించిందని చరిత్ర గ్రంథాలలో ఉంది. ఓడ కిరాయి కూడా నమోదు చేసిన చరిత్ర మనది!

మదీనా ప్రయాణం ఆవేశంతో ఒక్క రోజున జరిగినది కాదు. అఖబా వద్ద మదీనా వారితో ప్రమాణాలు జరిగాయి. వారికి ధర్మం బోధించడానికి హజ్రత్ ముస్అబ్ బిన్ ఉమైర్ (రజి) ముందుగా వెళ్ళారు. తరువాతనే సహాబాలు చిన్న చిన్న జట్లుగా తరలారు. దైవప్రవక్త (స) చేరిన పిమ్మట ముహాజిర్లను, అన్సార్లను ఇద్దరిద్దరిగా సోదరులను చేశారు. దాదాపు 45 జతలని ఒక ఉల్లేఖనం. అంటే అతిథి భారం ‘మదీనా నగరం’ అనే పేరుపై పడలేదు. ఫలానా ముహాజిర్‌కు ఫలానా అన్సారీ బాధ్యుడు. ఆకలి వేస్తే తట్టవలసిన తలుపు ఏదో ముహాజిర్‌కు తెలుసు.

అన్సార్లు మరో అడుగు ముందుకు వేసి, తమ ఖర్జూరపు తోటలను సగం సగం పంచమని దైవప్రవక్తను (స) కోరారు. ఆయన అంగీకరించలేదు. ముహాజిర్లు తోటలో శ్రమ చేయాలి, ఫలసాయంలో వాటా పొందాలి అన్న ఏర్పాటు జరిగింది. ఈ నిరాకరణపై మన వ్యాఖ్యాతలు ఆగవలసినంతగా ఆగలేదనిపిస్తుంది. భూమి పంచితే ఆతిథేయుడు పేదవాడవుతాడు. మక్కా వర్తకునికేమో ఖర్జూరపు సేద్యం అలవాటు లేదు. శ్రమలో భాగస్వామ్యం వల్ల అతనికి పనీ వచ్చింది, తిండీ దొరికింది, ఆతిథేయుని ఆస్తీ నిలిచింది.

హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) ఉదంతం అందరికీ తెలుసు. తన ధనంలో సగం తీసుకోమన్న హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి)ను దీవించి, బజారు ఎక్కడున్నదో చూపమన్నారు ఆయన. ఖైనుఖా తెగవారి బజారులో పన్నీరు, నెయ్యి అమ్మి లాభం తెచ్చుకున్నారు. కొద్దికాలంలోనే వివాహం చేసుకొని ఖర్జూరపు గింజ ఎత్తు బంగారం మహరుగా ఇచ్చారు. ఈ కథను ఆత్మాభిమానానికి ఉదాహరణగానే చెబుతుంటారు. కాని ఆ బజారు అక్కడ ఉండబట్టే ఆ ఆత్మాభిమానం నిలబడింది. దైవప్రవక్త (స) ముస్లిములకు వేరొక బజారు స్థలం ఏర్పరచి, అక్కడ పన్ను ఉండరాదని శాసించడం వెనుక ఉన్న దృష్టి కూడా ఇదే. హజ్రత్ ఉమర్ (రజి) తన అన్సారీ పొరుగువానితో వంతులు వేసుకున్నారు: ఒకరోజు ఒకరు ప్రవక్త (స) సన్నిధికి, మరునాడు మరొకరు. సన్నిధికి వెళ్ళినవాడు ఆనాటి విశేషాలు రెండవవానికి వినిపించేవాడు. హజ్రత్ అలీ (రజి) ఒక్కో చేద నీటికి ఒక్కో ఖర్జూరం చొప్పున కూలికి నీరు తోడారు. ఇల్లూ వాకిలీ లేనివారు సుఫ్ఫా అరుగుపై ఉండేవారు. అక్కడా పస్తులుండేవి. మదీనాలో కష్టాలు లేవని కాదు. కొత్త నీరు పడక హజ్రత్ అబూబకర్ (రజి), హజ్రత్ బిలాల్ (రజి) జ్వరంతో మక్కాను తలచుకొని బాధపడ్డారు కూడా.

హిజ్రీ 7లో ఖైబరు విజయం తరువాత ముహాజిర్లకు స్తోమత కలిగినప్పుడు, అన్సార్లు వాడుకోవడానికిచ్చిన ఖర్జూరపు చెట్లను వారు తిరిగి అప్పగించారు. ఆ జాబితాలో హజ్రత్ అనస్ (రజి) తల్లిగారి చెట్లూ ఉన్నాయి. ఏడేళ్ళపాటు ఎవరి చెట్టు ఎవరి దగ్గర ఉన్నదో అందరికీ గుర్తుంది.

1920లో ఇలాంటి జత కుదరలేదు. జలాలాబాదు ఒక ఊరు, కాబూలు ఒక ఊరు. వచ్చినవారు వేలు. మొదట వచ్చిన కొద్దిమందిని ప్రజలు ప్రేమగానే ఆదరించారు, ఇళ్ళలో ఉంచుకొన్నారు. వేలమంది వచ్చేసరికి బజారులో పిండి ధర పెరిగింది, నీటికి కొరత వచ్చింది. ఆ ధర పెరుగుదల స్థానిక పేదవానికి కూడా తగిలింది. అతిథి తన రొట్టెను ఖరీదు చేశాడని అతడు అనుకుంటే తప్పు పట్టలేము. అనేకులను కాబూలుకు ఉత్తరాన ఉన్న జబలుస్సిరాజ్‌కు పంపారు. అక్కడ పని లేక, భూమి చేతికి రాక, రోజులు లెక్కపెట్టుకుంటూ గడిపారు. జూలై ఎండలో జలాలాబాదు లోయ దాటేటప్పుడే ఎందరో నేలకొరిగారు. విరేచనాలు, జ్వరాలు మిగిలినవారిని పట్టుకున్నాయి. పెషావరు నుండి కాబూలు దాకా దారి వెంట వృద్ధుల, స్త్రీల, పసిబిడ్డల సమాధులు వెలిశాయని భారత ప్రభుత్వపు నివేదిక పేర్కొన్నది. ప్రభుత్వానికి అలా వ్రాయడం అనుకూలమే గాని, తిరిగి వచ్చినవారు చెప్పినదీ వేరుగా లేదు.

ఆగస్టు రెండవ వారంలో అమీరు చేతులెత్తేశాడు. వచ్చినవారు స్థిరపడేదాకా కొత్త బిడారులు రావద్దని ఫర్మానా పంపాడు. అప్పటికే ఏడు వేల మందితో ఒక పెద్ద బిడారు దారిలో ఉంది. వెనుకకు మరలడానికి వారికి మనసు ఒప్పలేదు. మరలితే ఉండడానికి ఇల్లు కూడా లేదు. ముందు చోటు లేదు, వెనుక భూమి లేదు.

ఉలమా చూపిన ఆధారాలలో నిసా సూరాలోని ఆయతులు ముఖ్యమైనవి. అణచివేత ఉన్నచోట ఉండిపోయి, అల్లాహ్ భూమి విశాలమైనదన్న సంగతిని విస్మరించినవారిని అవి మందలిస్తాయి. ఆ వెనువెంటనే, ఉపాయం గాని దారి గాని లేని బలహీన పురుషులకు, స్త్రీలకు, పిల్లలకు మినహాయింపు కూడా ఉంది. పెషావరు ప్రసంగాలలో మొదటి భాగం మారుమ్రోగింది. ఖైబరులో ఎండకు సొమ్మసిల్లినది రెండవ భాగంలో చెప్పబడినవారే. అలాగే బఖరా సూరాలో హజ్ యాత్రికులను దారిబత్తెం తీసుకువెళ్ళమని ఆదేశం ఉన్నది. అల్లాహ్‌పై భారం వేశామంటూ వట్టిచేతులతో వచ్చి మక్కాలో యాచించే యమను యాత్రికుల విషయంలో అది అవతరించిందని బుఖారీలో ఉన్నది. ఇది తెలియని ఆలిములు 1920లో లేరు. హకీం అజ్మల్ ఖాన్ వంటి పెద్దలు ఈ హిజ్రత్‌ను హర్షించనూ లేదు. కాని వద్దని గట్టిగా చెబితే బ్రిటిషు పక్షమనిపించుకుంటామన్న సంకోచం అనేకుల నోరు కట్టివేసింది. ఇందులో సామాన్య రైతు తప్పు పట్టదగినది ఏమీ లేదు. అతడు పెద్దల మాట నమ్మాడు.

ఇక్కడ తెలుగు పాఠకులకు ఒక విషయం గుర్తు రావచ్చు. మరుసటి సంవత్సరమే, 1921లో, చీరాల పేరాల ప్రజలు మునిసిపాలిటీ పన్నులకు నిరసనగా, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వాన ఊరు విడిచారు. పదిహేను వేలలో సుమారు పదమూడు వేల మంది ఊరి వెలుపల రామనగరంలో పాకలు వేసుకొని పదకొండు నెలలున్నారు. వారు దేశం దాటలేదు, తమ ఇళ్ళు కనబడే దూరంలోనే ఉన్నారు. అయినా నాయకుడు జైలు పాలై, సొమ్ము చాలక, చివరకు ఇళ్ళకు మరలవలసి వచ్చింది. ఊరి పొలిమేరలోనే అంత కష్టమైతే, ఖైబరుకు ఆవల సంగతి ఊహించవచ్చు.

కాబూలు నుండి అందరూ వెనుకకే రాలేదు. కొందరు యువకులు టర్కీ చేరి ఖలీఫా పక్షాన పోరాడాలని హిందూకుష్ దాటి ఉత్తరానికి వెళ్ళారు. వారిలో కొందరు దారిలో తుర్క్‌మెన్ల చేతిలో బందీలై, తప్పించుకొని తాష్కెంటు చేరారు. అక్కడ ఎం.ఎన్. రాయ్ నెలకొల్పిన సైనిక పాఠశాలలో చేరినవారున్నారు. అది 1921లో మూతబడ్డాక కొందరు మాస్కోలోని తూర్పు దేశాల శ్రామికుల కమ్యూనిస్టు విశ్వవిద్యాలయానికి పోయారు. ఖిలాఫత్ కోసం ఇల్లు వదలినవారిలో కొందరు భారత కమ్యూనిస్టు ఉద్యమపు తొలి తరంలో కనిపించడం చరిత్రలోని వింత. తిరిగి వచ్చినవారిపై 1922 నుండి 1927 దాకా పెషావరులో కుట్ర కేసులు నడిచాయి. ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్ కూడా ఆ వేసవిలో కాబూలు వెళ్ళినవారే. అక్కడి స్థితి కళ్ళారా చూచి మరలివచ్చి, 1921లో తన స్వగ్రామం ఉత్మాన్‌జయీలో ఆజాద్ పాఠశాల స్థాపించారు.

మిగిలిన వేలాది మంది శరదృతువులో ఖైబరు దారినే తిరిగి వచ్చారు. సరిహద్దు రాష్ట్ర ప్రభుత్వం వారికి కొంత సహాయం చేసింది. అందులో రాజకీయ ప్రయోజనం ఉన్నా సహాయం సహాయమే. భూములు కొన్నవారిని పిలిపించి, కొన్న ధరకే తిరిగి ఇవ్వవలసిందని నచ్చజెప్పింది. అనేకులు ఇచ్చారు కూడా. నూరు రూపాయలకు అమ్మిన భూమి నూరు రూపాయలకే తిరిగి వస్తుందంటే న్యాయమైన బేరమే. అయితే ఆ నూరు రూపాయలు జలాలాబాదులో పిండికీ, కాబూలులో మందులకూ, ఒంటె కిరాయికీ ఖర్చయిపోయాయి. మళ్ళీ అప్పు చేయగలిగినవాడు తన పొలానికి చేరుకున్నాడు. చేయలేనివాడు అదే పొలంలో కౌలుకో కూలికో కుదిరాడు.